ఏ కేసూ లేదని రాయించుకోవడానికి

మా మేనకోడలికి ఇంగ్లాండులో నర్సు ఉద్యోగం ఖాయమైంది. అక్కడి ఆసుపత్రి వాళ్ళు పంపిన కాగితాల జాబితాలో చాలావరకు ఆమె ముందే సిద్ధం చేసుకుంది. నర్సింగ్ రిజిస్ట్రేషను, ఇంగ్లిషు పరీక్ష మార్కులు, క్షయ లేదన్న రిపోర్టు అన్నీ ఫైల్లో ఉన్నాయి. మిగిలింది పీసీసీ ఒక్కటే. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్టు అనే ఆ పత్రంలో, ఫలానా మనిషి మీద చెడు సమాచారం ఏదీ మా దగ్గర లేదని మన ప్రభుత్వం రాసి ఇస్తుంది.

బ్రిటన్‌లో వైద్యం, విద్య, సామాజిక సంరక్షణ పనుల్లోకి వచ్చే విదేశీయులను 2017 ఏప్రిల్ నుంచి ఇది అడుగుతున్నారు. గత పదేళ్ళలో, పద్దెనిమిదేళ్ళు నిండాక, ఏ దేశంలోనైనా మొత్తం ఏడాది ఉంటే ఆ దేశం నుంచి పత్రం తేవాలి. ఆ నిబంధనను నేను తప్పుపట్టను. ఉద్యోగమంతా ఆశ్రమ పాఠశాలల్లో చేసినవాణ్ణి. పిల్లల దగ్గరికీ రోగుల దగ్గరికీ వెళ్ళే మనిషి గతం తెలుసుకోవడం అవసరమే. అయితే ఆ గతాన్ని తేల్చి చెప్పే కాగితం హైదరాబాదు పిల్లకు ఒకరకంగా, మా దుమ్ముగూడెం పిల్లకు ఇంకోరకంగా దొరుకుతుందని ఆమె వెంట తిరిగాకే నాకు అర్థమైంది.

మొదటి చిక్కు మా చిరునామా. దుమ్ముగూడెం నుంచి భద్రాచలం పాతిక కిలోమీటర్లు ఉంటుంది, గోదావరి ఎడమ గట్టు వైపు దారి. రెండు ఊళ్ళూ తెలంగాణవే అయినా బస్సు మధ్యలో కొంత దూరం ఆంధ్రప్రదేశ్‌లో నడుస్తుంది. పోలవరం ముంపు పేరుతో 2014లో భద్రాచలం మండలాన్ని, పట్టణం మినహాయించి, ఆంధ్రలో కలిపారు. ఎటపాక, కన్నాయిగూడెం లాంటి పంచాయతీలు అలా అటు వెళ్ళిపోయాయి. ఈ దారిన పర్ణశాల చూడటానికి వచ్చే భక్తులకు రాష్ట్రం మారిన సంగతి తెలియనే తెలియదు. ఆ పంచాయతీల వాళ్ళకు మాత్రం రేషను కార్డు నుంచి భూమి పాసు పుస్తకం దాకా అన్నీ మారాయి.

మాకిది కొత్త కాదు. 1874 దాకా మధ్య పరగణాల్లో ఉన్న ఈ ప్రాంతాన్ని ఆ ఏడాది మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. మా నాన్న తూర్పు గోదావరి జిల్లాలో పుట్టాడు. 1959లో భద్రాచలం తాలూకాను ఖమ్మం జిల్లాకు మార్చారు, నేను పుట్టింది ఆ తర్వాత. మేనకోడలు పుట్టిన చోటు ఖమ్మం జిల్లా, ఆంధ్రప్రదేశ్. పదో తరగతి మెమోలో అదే ఉంది. 2016 దసరాకు కొత్త జిల్లాలు వచ్చాక ఆధార్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, తెలంగాణ అయింది. మా అందరిదీ అదే ఇల్లు, అదే గుమ్మం.

ఈ ఊరికి సముద్రాల అవతలి లోకం కూడా కొత్త కాదు. ఊరి దగ్గరి ఆనకట్ట, లాకులు కాటన్ దొర కాలపు ఎగువ గోదావరి జలరవాణా పథకానివి. నడి దేశపు పత్తిని పడవల మీద కోస్తాకు తేవాలని మొదలుపెట్టి, 1871లో మధ్యలోనే ఆపేశారు. ఆ ఇంజినీర్ల వెనకే మిషనరీలు వచ్చారు. మిషన్ దొరసానులు ఇక్కడి ఆడవాళ్ళకు లేసు అల్లడం నేర్పారు. దుమ్ముగూడెం లేసు అన్న పేరుతో అది విదేశాల్లో అమ్ముడుపోయింది. మా అమ్మమ్మ వయసు వాళ్ళకు ఆ అల్లిక బాగా వచ్చు.

భద్రాచలంలో దిగి ఒక నెట్ సెంటర్‌కు వెళ్ళాం. అక్కడి కుర్రాడు పాస్‌పోర్టు చూడకముందే ధర చెప్పాడు. "మూడున్నర వేలు అవుద్దండి. పోలీసోళ్ళ ఖర్చు కూడా అందులోనే."

"మామయ్యా, ఫీజు ఐదొందలేనంట. నేను చూశాను" అని మేనకోడలు చెవిలో చెప్పింది. ఆమె మాటే నిజం. పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్‌లో పీసీసీ ఫీజు 500 రూపాయలు. అది ఆన్‌లైన్లోనే కట్టాలి. విచారణకు వచ్చే పోలీసుకు ఇవ్వాల్సిన ఫీజు ఏదీ లేదు. ఇద్దరం లేచి వచ్చేసి, ఆమె పనిచేసే ఆసుపత్రిలో కంప్యూటరు ముందు కూర్చుని మేమే దరఖాస్తు నింపుకున్నాం. అచ్చం ప్రభుత్వానిదిలాగే కనిపించే దొంగ వెబ్‌సైట్లు కూడా ఉన్నాయని విదేశాంగ శాఖే హెచ్చరిస్తోంది. చదువుకున్న పిల్ల పక్కన ఉంది కాబట్టి నాకు ధైర్యం. ఆ కుర్చీలో చర్ల అవతలి అడవి గూడెం నుంచి వచ్చిన మనిషి ఉంటే మూడున్నర వేలూ కట్టి, పైగా దండం పెట్టి వెళ్ళేవాడు.

దరఖాస్తులో ఏ దేశానికి అని స్పష్టంగా రాయాలి. పత్రం ఆ దేశం పేరు మీదే వస్తుంది. రేపు ఇంగ్లాండు కాదని ఐర్లాండు వెళ్ళాలనుకుంటే మళ్ళీ మొదటి నుంచి రావాల్సిందే. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారన్న ప్రశ్న దగ్గర కూడా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ ఏ చిరునామా రాస్తే విచారణ ఆ ఊరి పోలీసులకు వెళుతుంది. హైదరాబాదు హాస్టల్లో ఉంటూ సొంత ఊరి చిరునామా రాసేవాళ్ళు చాలామంది. పోలీసు ఇంటికి వచ్చేసరికి మనిషి ఉండదు, ఫైలు వెనక్కి పోతుంది. మా అమ్మాయి రోజూ ఇంటి నుంచే భద్రాచలం వచ్చి పనిచేస్తోంది కాబట్టి మాకు ఆ ఇబ్బంది రాలేదు.

అపాయింట్‌మెంటు ఖమ్మంలో దొరికింది. తెల్లవారుజామునే భద్రాచలంలో బస్సెక్కాం. అమ్మాయికి మహాలక్ష్మి జీరో టికెట్టు, నాకు మామూలు టికెట్టు. గోదావరి వంతెన దాటగానే సారపాక కాగితం మిల్లు వాసన తగిలింది. తర్వాత పాల్వంచలో కరెంటు ప్లాంటు గొట్టాలు, ఆ పైన కొత్తగూడెం. అక్కడి నుంచి జూలూరుపాడు, ఏన్కూరు, తల్లాడ, వైరా మీదుగా ఖమ్మం చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది.

ఖమ్మంలోలాగా తపాలా కార్యాలయాల్లో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు పెట్టడం 2017లో మొదలైంది. కానీ వాటిలో పీసీసీ దరఖాస్తులు తీసుకోవడం 2022 సెప్టెంబరు 28 నుంచే. అంతకుముందు మా వైపు వాళ్ళు ఈ పనికి హైదరాబాదు దాకా పోవాల్సి వచ్చేది. ఆ మార్పు ఊరికే రాలేదు. ఆ ఏడాది ఆగస్టులో సౌదీ అరేబియా మనవాళ్ళ ఉద్యోగ వీసాలకు పీసీసీ తప్పనిసరి చేసింది. పెద్ద కేంద్రాల ముందు జనం పేరుకుపోయారు. తపాలా కేంద్రాల తలుపులు తెరిచాక, నవంబరులో సౌదీ ఆ నిబంధన ఎత్తేసింది. 2018లోనూ ఇలాగే జరిగింది. యూఏఈ ఫిబ్రవరిలో సత్ప్రవర్తన పత్రం కావాలంది, ఏప్రిల్‌కల్లా అక్కర్లేదంది. ఆ మధ్య నెలల్లో అప్పు చేసి ఈ కాగితాల కోసం తిరిగిన కూలీల ఖర్చు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. కువైట్‌కు వెళ్ళేవాళ్ళ పని ఇంకా ఎక్కువ. పీసీసీ చేతికొచ్చాక దాని మీద మన విదేశాంగ శాఖ ముద్ర, ఆ పైన కువైట్ రాయబార కార్యాలయం ముద్ర పడాలి.

ఖమ్మం కేంద్రం లోపల పని మర్యాదగానే జరిగింది. టోకెను, ఫోటో, వేలిముద్రలు, ఒరిజినల్ పాస్‌పోర్టు తనిఖీ, ఉద్యోగపు ఒప్పంద పత్రం నకలు. పదో తరగతి మెమోలో ఒక రాష్ట్రం, ఆధార్‌లో ఇంకో రాష్ట్రం ఉన్నాయని నేను సంజాయిషీ చెప్పబోతే కౌంటరులోని ఉద్యోగి నవ్వి, "మీ భద్రాచలం వైపు అందరివీ అంతేనండి" అన్నారు. ఆ ఒక్క మాటతో నా గుండె కుదుటపడింది.

బయట అరుగు మీద మా అమ్మాయి కోసం ఎదురుచూస్తుంటే, "నమస్తే సార్, గుర్తుపట్టారా?" అంటూ ఒక యువకుడు వచ్చాడు. మా ఆశ్రమ పాఠశాలలో చదివిన కోయ పిల్లవాడు. ఊరు దుమ్ముగూడెం మండలంలోనే, ఛత్తీస్‌గఢ్ సుక్మా వైపు అడవి అంచున. ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. తెలిసినవాళ్ళు గల్ఫ్‌లో డ్రైవరు పని చూపిస్తామంటే కొత్త పాస్‌పోర్టు కోసం వచ్చాడు. చేతిలోని దరఖాస్తు కాగితం తీసుకుని చదివాను. క్రిమినల్ కేసులేమైనా కోర్టులో ఉన్నాయా అన్న చోట లేవని ఉంది.

"పోడు కేసు ఏమైందిరా?" అని అడిగాను. చాలా ఏళ్ళ కిందట తండ్రితో కలిపి ఇతని మీద కూడా, అడవి భూమిలో పోడు సాగు చేశారని, ఫారెస్టు వాళ్ళు కేసు పెట్టిన సంగతి మా మండలంలో అందరికీ తెలుసు.

"అది పోయింది కదా సార్. పట్టా ఇచ్చారు, కేసులు ఎత్తేస్తమని చెప్పారు. నెట్ సెంటర్లో అన్నే లేవని కొట్టాడు."

అతను అబద్ధం చెప్పడం లేదు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. రాష్ట్రమంతా సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు భూమికి పట్టాలు ఇస్తామన్నారు. పోడు రైతుల మీది కేసులు కూడా ఎత్తేస్తామని ఆ సభలోనే చెప్పారు. ఆ మాట మా గూడేల్లో పండుగలా వినిపించింది. కేసు పోయిందనే ఈ పిల్లవాడి ఇంట్లోనూ అనుకున్నారు.

కానీ కోర్టులో ఉన్న కేసు సభలో చెప్పిన మాటతో పోదు. ప్రభుత్వం తరఫు న్యాయవాది కేసు ఉపసంహరించుకుంటామని కోర్టులో అడగాలి. మేజిస్ట్రేటు ఒప్పుకోవాలి. పాత నేర విచారణ చట్టంలో అది 321వ సెక్షను, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో 360. ఆ ఉత్తర్వు వచ్చేదాకా కేసు కోర్టులో ఉన్నట్టే లెక్క. కోర్టులో కేసు ఉన్నవాళ్ళకు పాస్‌పోర్టు నిరాకరించే అధికారం 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ఇస్తోంది. పైగా తెలిసి తప్పు సమాచారం ఇస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ సంగతంతా చెప్పాను. లోపలికి వెళ్ళకుండా ఆ రోజుకు ఆగిపొమ్మన్నాను. మొహం వాడిపోయింది. బస్సు ఖర్చు, ఒక రోజు కిరాయి పోయాయి. అయినా, "మీరు చెప్పారంటే అంతే సార్" అన్నాడు.

మా అమ్మాయి పని మిగతాది ఊళ్ళో జరిగింది. విచారణకు పోలీసు ఫోన్ చేస్తారు. మా వీధిలో ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. వచ్చిన ఫోను అందక, మిస్డ్ కాల్ సందేశం రాత్రికి వచ్చింది. మర్నాడు ఊరి చివర గట్టెక్కి తిరిగి ఫోన్ చేస్తే, "ఇంట్లోనే ఉండమ్మా, వస్తాం" అన్నారు.

వచ్చిన కానిస్టేబుల్ మామూలు బట్టల్లోనే ఉన్నాడు. చేతిలో ట్యాబు తప్ప ఇంకేం లేదు. అయినా మా పెద్దమ్మ పెరట్లోకి వెళ్ళి కూర్చుంది, అతను పోయేదాకా బయటికి రాలేదు. ఆమె భయానికి కారణం ఉంది. ఇక్కడి స్టేషన్ల చుట్టూ ఇసుక బస్తాలు, ముళ్ళకంచెలు చూస్తూ బతికిన మనిషి. రాత్రిళ్ళు ఒకరొచ్చి అన్నం అడిగిన రోజులు, తెల్లారాక ఇంకొకరొచ్చి ఎందుకు పెట్టారని అడిగిన రోజులు ఆమెకు గుర్తున్నాయి. మా వైపు పోలీసు ఇంటికి రావడమంటే మంచి వార్త కాదు. అతను మంచినీళ్ళు తాగాడు. పక్కింటి వాళ్ళను రెండు మాటలు అడిగాడు, పాస్‌పోర్టు చూశాడు, అమ్మాయి ఫోటో తీసుకున్నాడు, సంతకం పెట్టించుకున్నాడు. రూపాయి అడగలేదు. వెళ్తూ వెళ్తూ, "మంచి పేరు తేవాలమ్మా" అని దీవించి పోయాడు. అప్పుడు మా పెద్దమ్మ బయటికి వచ్చి, "పిల్ల మంచిదనేగా రాసుకుపోయాడు?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

అతనితో మాట్లాడుతుంటే ఇంకో చిక్కు తెలిసింది. కోయ గూడేల్లో ఇంటిపేర్లు కొన్నే. మడకం, సోడె, తెల్లం లాంటివి ఊరూరా ఉంటాయి. పెట్టుకునే పేర్లూ అవే తిరిగి తిరిగి వస్తాయి. స్టేషన్ల రికార్డులన్నీ ఇప్పుడు ఒకే కంప్యూటర్ వ్యవస్థలో ఉన్నాయి కాబట్టి పేరు కొట్టగానే అదే పేరున్న ఇంకొకరి కేసు పైకి రావచ్చు. తండ్రి పేరు, ఊరు, వయసు చూసి వేరు చేయాలి. ఓపికగల ఉద్యోగి అయితే వేరు చేస్తాడు. ఓపిక లేకపోతే ఏ తప్పూ చేయని పిల్లవాడి ఫైలు ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో వాడికి తెలియనే తెలియదు. ఇక ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మన అడవుల్లో ఉంటున్న గుత్తికోయల సంగతి చెప్పనక్కర్లేదు. చాలామందికి కులం పత్రమే లేదు, కొందరికి ఊరే లెక్కలో లేదు. వాళ్ళ పిల్లలు ఈ వరుసలో నిలబడే రోజు ఇంకా చాలా దూరం.

అమ్మాయికి పత్రం వచ్చింది. ఆమె మీద ప్రతికూల సమాచారం ఏదీ లేదని, యునైటెడ్ కింగ్‌డమ్ వీసాకు అభ్యంతరం లేదని అందులో ఉంది. ఇంటిల్లిపాదీ చదివించుకుని విన్నారు.

ఆ తర్వాత నా పాత విద్యార్థిని వెంటబెట్టుకుని భద్రాచలం కోర్టుకు వెళ్ళాను. షెడ్యూల్డు తెగల వాళ్ళకు, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. ఈ సంగతి మా గూడేల్లో తెలిసినవాళ్ళు తక్కువ. అలా దొరికిన లాయరమ్మ రికార్డు తీయించి చూసి చెప్పిన మాటకు ఇద్దరం నిలబడిపోయాం. కేసు బతికే ఉంది. కేసు పోయిందనుకుని అతను వాయిదాలకు రావడం మానేశాడు కాబట్టి పేరు మీద వారంటు కూడా ఉంది. పట్టా ఇచ్చిన భూమిలోనే చెట్లు కొట్టాడన్న కేసు అది.

"జరిమానా కట్టేస్తే అయిపోదా మేడమ్?" అని అతను అడిగాడు. ఊళ్ళో అందరూ ఇచ్చే సలహా అదే. లాయరమ్మ గట్టిగా వద్దంది. నేరం ఒప్పుకుని నూరు రూపాయలు కట్టినా అది శిక్ష పడ్డట్టే. రేపు ఏ దేశం వీసా ఫారం మీదైనా నీకెప్పుడైనా శిక్ష పడిందా అని అడిగితే అవునని రాయాలి. శాఖతో రాజీ చేసుకుని కేసు మూయించుకోవడం వేరు, నేరం ఒప్పుకోవడం వేరు. ఈ తేడా ఎవరూ చెప్పక, లోక్ అదాలత్ రోజున పని తొందరగా తేలుతుందని తల ఊపి సంతకం పెట్టేవాళ్ళను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఎఫ్ఐఆర్ ఒక్కటే ఉండి కోర్టు ఇంకా కేసు చేపట్టకపోతే దాన్ని పెండింగు కేసుగా లెక్కించకూడదని విదేశాంగ శాఖ 2019 అక్టోబరులో తన కార్యాలయాలకు చెప్పింది. కోర్టు చేపట్టిన కేసు అయినా, ఆ కోర్టే విదేశానికి వెళ్ళడానికి అనుమతి ఇస్తే పరిమిత కాలానికి పాస్‌పోర్టు ఇవ్వవచ్చని 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషను ఉంది. కోర్టు కాలం చెప్పకపోతే సాధారణంగా ఒక ఏడాదికే ఇస్తారు. ఏడాది పాస్‌పోర్టు మీద రెండేళ్ళ ఒప్పందం ఏ యజమాని ఇస్తాడు? అందుకే అతనికి కావలసింది కేసు పూర్తిగా ముగియడమే. వారంటు రద్దయింది. ఉపసంహరణ కోసం శాఖకు, కలెక్టరుకు అర్జీలు పెట్టాం. నేను ఇది రాసేనాటికి జవాబు రాలేదు. అతను లారీ నడుపుతూనే ఉన్నాడు, వాయిదాలకు తప్పకుండా వెళ్తున్నాడు.

మేనకోడలి పత్రం చూసి ఎంత ఆనందపడ్డానో, ఈ పిల్లవాడి రికార్డు చూసి అంత బాధపడ్డాను. ఇద్దరూ ఒకే మండలం పిల్లలు, ఇద్దరూ ఎవరికీ హాని చేయనివాళ్ళు. అడవి హక్కుల చట్టం వచ్చింది 2006లో. ఆ చట్టం ప్రకారం హక్కుదారుడని ప్రభుత్వమే ఒప్పుకుని పట్టా ఇచ్చాక, అదే భూమి కోసం అతన్ని నిందితుడిగా కోర్టులో ఉంచడం అన్యాయం. కేసులు ఎత్తేస్తామన్న మాట ఏ ప్రభుత్వం ఇచ్చినా, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం దాన్ని కోర్టుల దాకా తీసుకెళ్ళాలి. పట్టా వచ్చిన ప్రతి కుటుంబం పేరునూ పెండింగు అటవీ కేసులతో పోల్చి చూడటం పెద్ద పని కాదు. రెండు జాబితాలూ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, అటవీ శాఖ, ప్రభుత్వ న్యాయవాది ఒక్కచోట కూర్చుంటే తేలిపోతుంది. ఆ పని చేయమని కోరుతున్నాను.

అది జరిగేదాకా మా ఏజెన్సీ పిల్లలకు, వాళ్ళ తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఇది. విదేశానికి పోవాలనుకుంటే పాస్‌పోర్టు దరఖాస్తు కంటే ముందు కోర్టుకు వెళ్ళండి. మీ పేరు మీద పాత పోడు కేసు ఏదైనా ఉందేమో వెతికించండి. ఉచిత లాయరును అడగండి, అది మీ హక్కు. మూసేశామని ఎవరైనా అంటే కోర్టు ముద్ర ఉన్న ఉత్తర్వు నకలు తీసుకుని దాచుకోండి. నేరం ఒప్పుకునే కాగితం మీద మాత్రం లాయరు లేకుండా సంతకం పెట్టకండి.